16 కోర్లు కొన్నారు, నాలుగే పనిచేశాయి

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి దాటిందంటే ఎవరికీ తీరిక ఉండదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, కాటాలు పడుతూనే ఉంటాయి, ఘాటుకి తుమ్ములు ఆగవు. అలాంటి రోజుల్లో ఒక కమీషన్ వ్యాపారి ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) ప్రింట్ కావడానికి నిమిషం పైనే పడుతోంది, రైతులు కౌంటర్ ముందు నిలబడి అరుస్తున్నారు, సాయంత్రం బాకీల రిపోర్టు వేస్తే మిగతా కంప్యూటర్లన్నీ ఆగిపోతున్నాయి, వెంటనే రమ్మన్నారు. విజయవాడలో బస్సెక్కి వెళ్లి చూద్దును కదా, సర్వర్ కొత్తది. ప్రాసెసర్‌లో 16 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 64 జీబీ మెమరీ (ర్యామ్), మంచి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్). కొని నెల కూడా కాలేదు.

"ఏందబ్బాయ్ ఇది, లక్షలు పోసి కొన్నా. పాత డబ్బానే నయంగా ఉంది" అన్నారాయన. ఆయన కోపంలో తప్పేమీ లేదు. సిస్టమ్ స్లో అయింది, పెద్దది కొనమన్నారు, కొన్నారు. కొనమన్నవాళ్లెవరూ ఆ సర్వర్‌లో నడిచే డేటాబేస్ (లెక్కలన్నీ దాచి, అడిగినప్పుడు తీసిచ్చే సాఫ్ట్‌వేర్) ఏంటి, దానికి ఎంత మెమరీ వాడుకునే వీలుంది, ఎన్ని కోర్లు వాడుకునే వీలుంది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న గురించే. డేటాబేస్ సర్వర్ కోసం డబ్బు తీసేముందు, ఇప్పుడున్న కోర్లనీ మెమరీనీ అది నిజంగా ఎంత వాడుకుంటోందో చూడాలి. చూసిన ప్రతిసారీ కాకపోయినా చాలాసార్లు నాకు కనిపించింది ఏంటంటే, ప్రాసెసర్‌కి కొరత లేదు, డేటాబేస్‌కి మెమరీ అందట్లేదు, లేదంటే అందరూ ఒకే చోట క్యూ కట్టి నిలబడ్డారు.

టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 25 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. అంతకు మించి పెరగదు, రిపోర్టు వేసినా పెరగదు. అది చూసి "ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా" అనుకోవడం తేలిక, అక్కడ కంప్యూటర్లు చూసుకునే కుర్రాడూ అలాగే అనుకున్నాడు. కానీ 16లో నాలుగు అంటే సరిగ్గా 25 శాతం. నాలుగు కోర్లు పూర్తిగా పనిలో మునిగిపోయి, మిగిలిన పన్నెండూ ఖాళీగా కూర్చుంటే మీటరు చూపించేది అదే అంకె. ఇక మెమరీ చూస్తే 50 జీబీకి పైగా ఖాళీ, డిస్క్ మాత్రం ఊపిరి తీసుకోవట్లేదు.

అందులో ఉన్న డేటాబేస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. ఉచితంగా వస్తుంది, చిన్న వ్యాపారాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఎన్నో దాని మీద చక్కగా నడుస్తున్నాయి. కానీ ఆ ఎడిషన్‌కి హద్దులున్నాయి: ఒక సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) లేదా నాలుగు కోర్లు, ఏది తక్కువైతే అది, డేటా పేజీలు (డిస్క్ నుంచి తెచ్చే డేటా ముక్కలు) మెమరీలో దాచుకునే బఫర్ పూల్ 1410 ఎంబీ, ఒక్కో డేటాబేస్ సైజు 10 జీబీ. ఇవేవీ రహస్యాలు కావు, డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటాయి. అంతెందుకు, సర్వర్ స్టార్ట్ అయిన ప్రతిసారీ ఎర్రర్ లాగ్‌లో ఒక లైన్ రాస్తుంది, ఎన్ని సాకెట్లు ఎన్ని కోర్లు కనిపించాయి, లైసెన్సు ప్రకారం వాటిలో ఎన్ని వాడుకుంటున్నాను అని. ఆ లైన్ ఎవరూ చదవలేదు. (వర్చువల్ మెషీన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్‌లో, నడిపేవాళ్లకి ఒక జాగ్రత్త: ఒక్కో వర్చువల్ ప్రాసెసర్‌ని ఒక్కో సాకెట్‌గా చూపించేలా సెట్ చేసి ఉంటే ఎక్స్‌ప్రెస్ ఒక్క సాకెట్ దగ్గరే ఆగిపోతుంది, అంటే ఒక్క కోరే. ఇలాంటిది నేను రెండు చోట్ల చూశాను. సాకెట్ ఒకటి, కోర్లు నాలుగు అని మార్చి రీస్టార్ట్ చేస్తే పైసా ఖర్చు లేకుండా పనైపోయింది.)

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 50 జీబీ మెమరీ ఊరికే పడి ఉంటే విండోస్ అయినా ఆ ఫైలుని అందులో దాచిపెట్టి సాయం చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన డేటా ఫైళ్లని ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ని (చదివిన ఫైళ్లని మెమరీలో దాచిపెట్టే చోటుని) పక్కన పెట్టి నేరుగా డిస్క్ నుంచే చదువుకుంటుంది, ఏది దాచాలో ఏది పారేయాలో తానే చూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ అయితే కథ వేరేగా ఉండేది, అది మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ మీద కూడా బాగా ఆధారపడుతుంది. ఇక్కడ మాత్రం ఎనిమిది జీబీ దాటిన డేటాబేస్, దాన్ని చూడటానికి 1410 ఎంబీ కిటికీ. సాయంత్రం బాకీల రిపోర్టు నాలుగేళ్ల లెడ్జర్ మొత్తం చదువుతుంది, చదువుతూ చదువుతూ పొద్దుటి నుంచి మెమరీలో ఉన్న ఇవాళ్టి పేజీల్ని బయటికి తోసేస్తుంది. తర్వాత పట్టీ కొట్టినవాడికి ప్రతిదీ మళ్లీ డిస్క్ నుంచి రావాలి.

మెమరీకీ డిస్క్‌కీ తేడా ఎంతో చాలామందికి అంకెల్లో తెలుసు కానీ ఒంటికి పట్టదు. మెమరీలో ఒక చోటికి వెళ్లి చదవడానికి సుమారుగా 100 నానోసెకన్లు. మంచి ఎస్‌ఎస్‌డీకి సుమారుగా 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. తిరిగే హార్డ్ డిస్క్‌కి 10 మిల్లీసెకన్ల దాకా, అంటే లక్ష రెట్లు. యార్డు భాషలో చెప్తాను. కొట్టు ముందు అరుగు మీద ఉన్న టిక్కీ తెచ్చి ఇవ్వడానికి నిమిషం పడుతుందనుకోండి. అదే లెక్కన ఎస్‌ఎస్‌డీ అంటే 16 గంటల 40 నిమిషాలు, హార్డ్ డిస్క్ అంటే 69 రోజులు. ఏప్రిల్ మొదట్లో కోల్డ్ స్టోరేజీకి పంపిన సరుకు జూన్‌లో కాటాకి వస్తే ఎలా ఉంటుందో అలాగ. అరుగు మీద సరుకు లేనప్పుడు హమాలీల ముఠాలో నలుగురున్నా పదహారు మంది ఉన్నా అందరూ లారీ కోసం చూస్తూ కూర్చోవాల్సిందే.

"మా క్యాష్ హిట్ 99 శాతం ఉంది, మెమరీ చాలు" అనే మాట కూడా విన్నాను. క్యాష్ హిట్ అంటే అడిగిన డేటా మెమరీలోనే దొరకడం. లెక్క వేద్దాం. వందసార్లలో 99 సార్లు 100 నానోసెకన్లు, ఒక్కసారి 100 మైక్రోసెకన్లు. సగటు దాదాపు 1100 నానోసెకన్లు వస్తుంది. అంటే 99 శాతం మెమరీ నుంచే వచ్చినా, అంతా మెమరీలో ఉన్నదానికంటే పదకొండు రెట్లు నిదానం. 98కి పడిపోతే డిస్క్ రీడ్‌లు రెట్టింపు. పరీక్షలో 99 మార్కులు గొప్పే, ఇక్కడ ఆ ఒక్క మార్కులోనే టైమంతా పోతుంది.

ఈ విషయం కొత్తదేమీ కాదు. 1987లోనే జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు కలిసి ఐదు నిమిషాల సూత్రం అని ఒకటి చెప్పారు: అప్పటి ధరల్లో, ఐదు నిమిషాలకొకసారైనా అవసరమయ్యే డేటా మెమరీలో ఉంచుకోవడమే చవక, మళ్లీ మళ్లీ డిస్క్ దగ్గరికి వెళ్లడం దండగ అని. ధరలు మారినప్పుడల్లా ఆ ఐదు నిమిషాలు మారుతూ వచ్చాయి, ఆలోచించే పద్ధతి మాత్రం ఈ రోజుకీ పనికొస్తుంది. మీ వ్యాపారంలో రోజూ చేయి తగిలే డేటా ఎంత? మొత్తం డేటాబేస్ సైజు కాదు, చేయి తగిలేది. దానికి సరిపడా మెమరీ డేటాబేస్ చేతికి అందిందా? ఈ రెండిటికీ జవాబు తెలియకుండా ప్రాసెసర్ మోడల్ నంబర్ల గురించి గంటసేపు మాట్లాడుకోవడం నాకు నచ్చదు.

అందిందా అనే మాట ఊరికే వాడలేదు. మెషీన్‌లో మెమరీ ఉండటం వేరు, డేటాబేస్‌కి ఇవ్వడం వేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేయగానే షేర్డ్ బఫర్స్ (డేటా దాచుకోవడానికి అది తీసుకునే సొంత మెమరీ) సాధారణంగా 128 ఎంబీ. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, డేటా దాచే ఇన్నోడీబీ అనే భాగానికి ఉండే బఫర్ పూల్ కూడా మొదట్లో 128 ఎంబీయే. మీరు 8 జీబీ పెట్టినా 256 జీబీ పెట్టినా అవి అంతే తీసుకుంటాయి, ఎవరో ఒకరు కాన్ఫిగ్ ఫైలు తెరిచి మార్చేదాకా. డేటాబేస్ కోసమే పెట్టిన సర్వర్ అయితే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కి మొత్తం మెమరీలో పావు వంతుతో మొదలుపెట్టమని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది, మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌గా పనికొస్తుంది. ఇన్నోడీబీకైతే 80 శాతం దాకా ఇచ్చుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ పెద్ద ఎడిషన్లలో దీనికి పూర్తిగా ఉల్టా: గరిష్ఠ మెమరీకి మనం ఒక హద్దు పెట్టకపోతే దొరికినదంతా తీసుకుని, పక్కనున్న మిగతా ప్రోగ్రాముల్ని ఇబ్బంది పెడుతుంది.

మెమరీ అన్నాను కదా అని ఎడాపెడా పెంచినా ప్రమాదమే. విజయవాడలో ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడిచేది, 32 జీబీ మెషీన్. ఎవరో ఇంటర్నెట్‌లో చదివి వర్క్ మెమ్ అనే సెట్టింగ్‌ని 4 ఎంబీ నుంచి 256 ఎంబీకి మార్చారు. ఆ అంకె సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో కనెక్షన్‌కి కూడా కాదు. ఒక్కో సార్టింగ్‌కి (వరసలో పేర్చడానికి), ఒక్కో హ్యాష్‌కి (డేటా జతలు కలపడానికి మెమరీలో కట్టుకునే పట్టికకి). 200 కనెక్షన్లు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కసారి వాడుకున్నా 50 జీబీ. మధ్యాహ్నం ఓపీ రద్దీలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మెమరీ అయిపోయి, దాన్ని ఎక్కువ మింగుతున్న ప్రాసెస్‌ని చంపేసింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఒక్క ప్రాసెస్ అలా హఠాత్తుగా చస్తే షేర్డ్ మెమరీ చెడిపోయి ఉండొచ్చన్న అనుమానంతో అది మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచేసి రికవరీ మొదలుపెడుతుంది. అది సరైన పనే. కానీ కౌంటర్ దగ్గర పసిపిల్లతో నిలబడ్డ తల్లికి కనిపించేది "సిస్టమ్ పోయిందమ్మా, కూర్చోండి" అనే మాట ఒక్కటే. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. వర్క్ మెమ్ 16 ఎంబీకి దించి, మధ్యలో పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లనే అందరికీ వంతులవారీగా పంచే సాఫ్ట్‌వేర్) పెట్టి, డేటాబేస్‌కి నేరుగా వెళ్లే కనెక్షన్లు 40కి తగ్గించాం. మెషీన్ అదే.

ఇప్పుడు కోర్ల సంగతి. కోర్లు వద్దని నేను అనట్లేదు. డేటా మెమరీలో ఉండి, ఒకేసారి వందమంది చిన్న చిన్న క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వేస్తుంటే ఎన్ని కోర్లిస్తే అంత పని జరుగుతుంది. కానీ "16 కోర్లు పెడితే నా రిపోర్టు 16 రెట్లు తొందరగా వస్తుంది" అనేది వేరే ఆశ. ఒక క్వెరీని ముక్కలు చేసి చాలా కోర్లకి పంచడం డేటాబేస్‌కి చేతనవ్వాలి. మైఎస్‌క్యూఎల్ మామూలు క్వెరీ ఒకదాన్ని ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకసారికి ఒక్క కోరు మీదే, నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కి ఈ విద్య 2016లో 9.6 వెర్షన్‌తో వచ్చింది, ఇప్పటికీ మామూలు సెట్టింగ్‌లో ఒక ముక్కకి ఇద్దరు అదనపు వర్కర్లనే ఇస్తుంది, ఎనిమిది ఎంబీ కంటే చిన్న టేబుల్ అయితే అసలు ఆ ఆలోచనే చేయదు. ఎందుకంటే పని పంచడానికీ, పంచిన పనిని మళ్లీ ఒకచోట చేర్చడానికీ ఖర్చుంది. పది టిక్కీలు మోయడానికి నలభై మందిని పిలిస్తే వాళ్లని నిలబెట్టేసరికే పొద్దుపోతుంది.

అసలు పంచడానికే వీల్లేని పని కూడా ఉంటుంది. 1967లో కంప్యూటర్ ఇంజినీరు జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క ఇప్పటికీ ప్రతి సర్వర్‌కీ వర్తిస్తుంది. పనిలో పదో వంతు ఒకరి తర్వాత ఒకరు చేయక తప్పనిదైతే, 16 కోర్లు పెట్టినా వేగం 6.4 రెట్లే, కోర్లు ఎన్ని పెంచినా పది రెట్లు దాటదు. సగం పని అలాంటిదైతే 16 కోర్లకి రెండు రెట్లు కూడా రాదు.

దీన్ని నేను కళ్లతో చూసింది విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర. పన్నెండు కౌంటర్లు. బిల్లు నంబర్ కోసం ఒక చిన్న టేబుల్, అందులో ఒకే ఒక్క వరుస, తర్వాతి నంబర్ ఎంతో రాసి ఉంటుంది. ప్రతి కౌంటర్ బిల్లు మొదలుపెట్టగానే ముందు ఆ వరుసని లాక్ చేస్తుంది, నంబర్ తీసుకుంటుంది, తర్వాత ఒక్కో మందూ బ్యాచ్ నంబరూ ఎక్కిస్తుంది, స్టాక్ తగ్గిస్తుంది, ప్రింట్‌కి పంపిస్తుంది, అప్పుడు కమిట్ చేస్తుంది, అంటే అంతా ఖాయం చేసి లాక్ వదులుతుంది. ఇదంతా రెండు సెకన్లు అనుకుంటే, ఆ రెండు సెకన్లూ మిగతా పదకొండు కౌంటర్లు చేతులు కట్టుకుని నిలబడాలి. నిమిషానికి 30 బిల్లులు. అంతే. అక్కడ 64 కోర్లు పెట్టినా నిమిషానికి ముప్పయ్యే, ఎందుకంటే కాటా ఒకటే. ఆయన్ని అప్పటికే పెద్ద సర్వర్‌కి ఒప్పించేశారు, కొటేషన్ బల్ల మీద ఉంది.

నంబర్ తీసుకోవడం చివరికి, కమిట్‌కి సరిగ్గా ముందుకి జరపండి, ప్రింటింగ్ కమిట్ తర్వాత పెట్టండి అని సాఫ్ట్‌వేర్ రాసినాయనకి చెప్పాను. ఆయన "జీఎస్‌టీ ఉంది సార్, నంబర్లు వరసగా ఉండాలి, ముట్టుకోను" అన్నారు. ఆయన భయం నిజమైందే, నంబర్ ఎగిరిపోతే ఆడిటర్‌కి జవాబు చెప్పాల్సింది వ్యాపారి. కానీ జీఎస్‌టీ రూల్ 46 వరస నంబర్ అడుగుతుంది, 16 అక్షరాలు దాటకూడదంటుంది, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదంటుంది, అది ఒక సిరీస్‌లో అయినా ఎక్కువ సిరీస్‌లలో అయినా ఉండొచ్చని కూడా అదే రూల్ చెబుతోంది. అంటే కౌంటర్‌కో సిరీస్ ఇవ్వొచ్చు. ఆడిటర్ గారిని కూర్చోబెట్టి అడిగాం, సరే అన్నారు. పన్నెండు సిరీస్‌లు, పన్నెండు వరుసలు, ఎవరి కాటా వాళ్లది. క్యూ పోయింది, కొటేషన్ వెనక్కి వెళ్లింది.

సెకండ్‌హ్యాండ్‌లో రెండు సాకెట్ల సర్వర్లు చవగ్గా వస్తున్నాయని అడిగేవాళ్లకి కూడా ఒక మాట. వాటిలో మెమరీ సగం ఒక ప్రాసెసర్‌కి, సగం రెండోదానికి అతుక్కుని ఉంటుంది. తన వైపు ఉన్నది తొందరగా అందుతుంది, అవతలి వైపుది కావాలంటే కృష్ణ దాటి వెళ్లినట్టే, బ్యారేజీ మీద రద్దీ ఎంతుంటే అంత ఆలస్యం. చిన్న వ్యాపారానికైతే ఒకే సాకెట్, దాని స్లాట్ల నిండా మెమరీ, నా ఓటు దానికే. క్లౌడ్‌లోనూ ఇంతే, మామూలు రకం మెషీన్లలో తరచుగా ఒక వర్చువల్ ప్రాసెసర్‌కి 4 జీబీ మెమరీ వస్తుంది, మెమరీ ఎక్కువుండే రకంలో 8 జీబీ. స్లో అయిందని అదే రకంలో పై సైజుకి వెళ్లే ముందు, కోర్లు పెంచకుండా మెమరీ ఎక్కువున్న రకానికి మారి చూడండి. నెల నెలా కట్టే డబ్బు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

గుంటూరు దగ్గరికి మళ్లీ వస్తాను. ఎక్స్‌ప్రెస్ నుంచి డబ్బు కట్టి వాడుకునే స్టాండర్డ్ ఎడిషన్‌కి వెళ్లొచ్చు, కానీ దాన్ని కోర్ల లెక్కన లైసెన్సు చేయిస్తే 16 కోర్లకీ కట్టాలి, ముందు కొన్న కోర్లే అక్కడ భారమవుతాయి. ఆయన వద్దన్నారు, నేనూ బలవంతం చేయలేదు. పాత మూడేళ్ల లెడ్జర్‌ని వేరే డేటాబేస్‌లోకి తీశాం, ప్రతి ఖాతాకీ ఓపెనింగ్ బ్యాలెన్స్ కట్టి పెట్టాం, పార్టీ కోడ్, తేదీ మీద ఒక ఇండెక్స్ (వెతుకులాట తగ్గించే సూచిక) వేశాం. రోజూ చేయి తగిలే డేటా ఇప్పుడు ఆ 1410 ఎంబీలో పట్టేస్తుంది. పట్టీ రెండు సెకన్ల లోపే వస్తోంది, బాకీల రిపోర్టు వేసేటప్పుడు ఎవరూ లేచి టీకి వెళ్లడం లేదు. ఇదంతా రెండు రాత్రుల పని. ఆ పాత మెషీన్ మీద కూడా ఇదే పని చేసి ఉంటే సరిపోయేదని ఆయనకి చెప్పడానికి నాకు మనసు రాలేదు కానీ, అడిగారు కాబట్టి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి మిగతా పన్నెండు కోర్లూ ఏం చేద్దాం?" అన్నారు.

వాళ్లకి కోల్డ్ స్టోరేజీ కూడా ఉంది. బాండ్లు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదులు), లాట్లు, అద్దెలు అన్నీ ఇప్పటికీ పుస్తకాల్లోనే. సాఫ్ట్‌వేర్ రాసినాయన ఆ భాగాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద రాస్తున్నారు, అదే మెషీన్‌లో లైనక్స్ వర్చువల్ మెషీన్‌గా పెట్టాం: ఎనిమిది కోర్లు, 40 జీబీ, షేర్డ్ బఫర్స్ 10 జీబీ, వర్క్ మెమ్ 16 ఎంబీ, బాండ్ నంబర్‌కి గోడౌన్‌కో సిరీస్. ఉత్తుత్తి డేటాతో బాగానే నడుస్తోంది. సీజన్ మొదలై అన్ని ఛాంబర్లకీ ఒకేసారి లారీలు వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. ఆ మొదటి వారం కాటా పక్కన టెర్మినల్ దగ్గర నేనే కూర్చుంటానని అక్కడి గుమాస్తాకి మాటిచ్చాను.